సున్నా మార్కుల విజిట్

ఆ రోజుల్లో నర్సింగ్ చదువంటే మాకు ముందుగా గుర్తొచ్చేది రోగులు కాదు, చార్టులు. ఇస్త్రీ నలగకుండా తెల్లకోటుతో బస్సులో నిలబడటం, చుట్టిన చార్టు నలగకుండా చంకలో పెట్టుకోవడం, ఈ రెండూ వచ్చేస్తే సగం నర్సు అయిపోయినట్టే అనుకునేవాళ్లం. మిగతా సగానికి జిగురు సీసా, రంగు పెన్నులు, అంచులు గీయడానికి స్కేలు ఉంటే చాలు. మాది ఎచ్చెర్ల అవతల పల్లెటూరు. నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. నేను కాలేజీలో చేరిన రోజున, కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ బెల్లంముక్క చేతిలో పెట్టి, "మా గుంట డాక్టరుకి కూసింత తక్కువ సదువు సదువుతున్నాది" అని చెప్పుకున్నాడు. ఆ కూసింత ఎంతో విజయనగరం వచ్చిన మొదటి నెలలోనే నాకు తెలిసిపోయింది గానీ, నాన్న మురిపెం చూసి ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు నేనూ ఆ చదువే చెబుతున్నాను. పిల్లలు నన్ను చాటుగా ఒక పేరుతో పిలుచుకుంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ఒక మామ్మ గురించి, ఆవిడ కాలి గురించి చెప్పాలి. నవ్వుతూనే మొదలుపెడతాను. చివరిదాకా నవ్వుతానని మాత్రం మాట ఇవ్వలేను.

మా కాలేజీకి ఒక దత్తత గ్రామం ఉండేది. గజపతినగరం దాటాక బస్సు దిగి, మొక్కజొన్న చేల మధ్య రోడ్డు పట్టుకుని నడిస్తే వస్తుంది. (ఎవరు ఎవరిని దత్తత తీసుకున్నారన్నది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.) ఏటా ఒక బ్యాచి ఆ ఊరు వెళ్లాలి. ఒక్కో విద్యార్థినికి ఒక్కో ఇల్లు అప్పగిస్తారు. ఏడాది పొడవునా వారానికోసారి ఆ ఇంటికి వెళ్లి, ఆ ఇంటివాళ్ల ఆరోగ్యం బాగుచేసి, బాగుచేసినట్టు రాసి, చివర్లో బయటినుంచి వచ్చిన మేడం ముందు పరీక్ష ఇవ్వాలి. మమ్మల్ని ఊరికి తీసుకెళ్లే మా టీచరుకి మేం పెట్టుకున్న పేరు స్కేలు మేడం. ఆవిడ పాలకేంద్రం వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. మేం ఇళ్లకు వెళ్లొచ్చాక మా చార్టుల అంచులు స్కేలుపెట్టి కొలిచేది. అంచు వంకర పోతే, ఆ ఇంట్లో టీబీ నయమైపోయినా సరే, మార్కు పోయినట్టే. చెడ్డమనిషి కాదు. ఆవిడ చదువుకున్నప్పుడు ఆవిడ చార్టులూ ఎవరో అలాగే కొలిచారు.

అన్నేసి బ్యాచిలు వచ్చిపోయేసరికి ఆ ఊరు మా సిలబస్‌లో ఆరితేరిపోయింది. ఇళ్ల సందర్శనకు మాకు ఒక సంచి ఇచ్చేవారు. ఆ సంచి తెరవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు నేలమీద పాత న్యూస్‌పేపరు పరవాలి, దానిమీద సంచి పెట్టాలి, సబ్బూ తువ్వాలూ తీయాలి, చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే మిగతావాటి జోలికి వెళ్లాలి. ఆ ఊళ్లో ఏ గుమ్మం ఎక్కినా మాకన్నా ముందే పేపరు పరిచి ఉండేది. చెంబుతో నీళ్లు తయారుగా ఉండేవి. చేతులు కడుక్కోవడం గురించి చెబుతామని నోరు తెరిస్తే, చంటిపిల్లలతో సహా అందరూ గాల్లో చేతులు రుద్దుకుంటూ చూపించేవారు. మేం వెళ్లిపోగానే అవే చేతులతో పేడ తీసి, అవే చేతులతో అన్నం కలుపుకునేవారు. మేం చెప్పినవి వాళ్లు నమ్మకపోవడమంటూ లేదు. అవి మా పరీక్షకు కావలసిన సంగతులని, ఆడపిల్లలం ఎండలో పడి వచ్చాం కనుక సాయం చెయ్యాలని వాళ్లు అనుకున్నారు, అంతే.

నాకు వచ్చిన ఇంట్లో ఒక మామ్మ, ఆవిడ కోడలు ఉండేవారు. మామ్మకు షుగరు. ఆ కబురు తెలియగానే మా బ్యాచిలో సగంమంది నావైపు కుళ్లుకుంటూ చూశారు. షుగరున్న ఇల్లు దొరికితే పేజీలు పేజీలు రాయొచ్చు. నా స్నేహితురాలు చార్టు రాణికి (ఇప్పుడు పెద్ద ఆసుపత్రిలో సూపర్‌వైజరు, పేరు చెబితే బాగుండదు) పాపం అందరూ ఆరోగ్యంగా ఉన్న ఇల్లు వచ్చింది. "నీకేమే, అదృష్టవంతురాలివి. మా ఇంట్లో ఒక్కరికి జలుబైనా లేదు" అని బస్సులో కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఓదార్చాను. ఇద్దరం అంత గంభీరంగా ఎలా మాట్లాడుకున్నామో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొదటిరోజు మామ్మ మంచం మీద కూర్చుని నన్ను పైనుంచి కిందదాకా చూసింది. నేను గొంతు సవరించుకుని, "మామ్మా, షుగరు వ్యాధి అంటే ఏమిటంటే" అని మొదలుపెట్టాను.

"ముందల సంచి తియ్యే గుంటా. ఉత్త నేలమీద ఎట్టీసినావు. అదిగో పేపరు అక్కడున్నాది. మీ మేడం సూస్తే మార్కులు కోసీదా?" అంది.

సంచి తీసి పేపరు మీద పెట్టాను. చేతులు కడుక్కున్నాను. బొమ్మల అట్టలు తీసి ఒక్కొక్కటే చూపిస్తూ పాఠం ఎత్తుకున్నాను. మధ్యలో ఒక అట్ట వదిలేశాను కాబోలు, మామ్మ వేలు పైకెత్తింది. "ఆగాగు. దీని తరవాత కాళ్ల బొమ్మ కదా రావాల? పోయినేడు వచ్చిన పొడుగుపిల్ల కూడా ఇక్కడే మర్సిపోయీది" అంటూ మిగతా పాఠం ఆవిడే అందుకుంది. "రోజూ పాదాలు సూసుకోవాల. గోరెచ్చని నీలతో కడుక్కోవాల. ఏళ్ల మద్దిన తడి లేకుండా తుడుసుకోవాల. ఉత్తకాళ్లతో నడవకూడదు. సిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి ఎల్లాల." గుక్క తిప్పుకోకుండా చెప్పి, మంచం దిగి, ఉత్తకాళ్లతో పెరట్లోకి నడిచి, నాకు చోడి అంబలి, అదే రాగిజావ, తెచ్చిపెట్టింది.

"మరి చెప్పులేవి మామ్మా?" అన్నాను.

గోడకు మేకు ఉంది. మేకుకు ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో షుగరు రోగులు వేసుకునే మెత్తని నల్లచెప్పులు, అంటించిన ధర చీటీ కూడా ఊడకుండా ఉన్నాయి. ముందు బ్యాచిలో ఎవరో కొనిపెట్టారట. "పరీచ్చ రోజున ఏస్తాను. ఇప్పట్నుంచి ఏసీసి పాడుసేసీమంటావేటి? మీ మేడం కొత్తగుంటేనే మెచ్చుకుంటాది" అంది మామ్మ. కోడలు పక్కనుంచి, "మా అత్త సేతికింద ఏ పిల్లా తప్పలేదమ్మా. నువ్వేటీ బెంగెట్టుకోకు" అని ధైర్యం చెప్పింది. నిజంగానే నాకు ధైర్యమొచ్చింది. పుస్తకంలో "చెప్పులు కలవు" అని రాసుకున్నాను. ఉన్నాయి కూడా కదా.

అలా ఏడాది నడిచింది. నేను వెళ్లేదాన్ని, మామ్మ నాచేత పాఠం ఒప్పజెప్పించుకునేది. వచ్చిన ప్రతిసారీ పెరట్లో స్పిరిటు దీపం వెలిగించి, గాజుగొట్టంలో నీలంమందు పోసి, అందులో మామ్మ మూత్రం నాలుగు చుక్కలు వేసి మరిగించేదాన్ని. చక్కెర లేకపోతే మందు నీలంగానే ఉంటుంది. కొద్దిగా ఉంటే ఆకుపచ్చ, బాగా ఉంటే ఇటుకరంగు. మామ్మది ప్రతిసారీ కొత్తింటికి పేర్చిన ఇటుకలా వచ్చేది. "ఏ రంగే?" అని మంచం మీదనుంచే అడిగేది. ఇటుకరంగంటే మొహం ముడుచుకునేది. "అయితే నీకు మార్కులు తగ్గిస్తారేటి?" అని అడిగేది. నాకు కాదు మామ్మా, ఆ రంగు నీకు మంచిది కాదు, నెలకోసారి ఊళ్లోకొచ్చే మందుల బండి దగ్గర తీసుకున్న మాత్రలు రోజూ వేసుకో అని నేనూ చెప్పేదాన్ని. "ఏసుకుంటాన్లే" అనేది. ఏసుకునేది కాదు. కడుపులో మంటట. పెద్ద డాక్టరుకి చూపిద్దామంటే, "కోతలయ్యాక" అనేది. నేను అదంతా శుభ్రంగా రాసేదాన్ని. సమస్య, లక్ష్యం, చేసిన సేవ, ఫలితం అని నాలుగు గళ్లు ఉండేవి. ఫలితం గడి దగ్గరకొచ్చేసరికి కలం ఆగిపోయేది. స్కేలు మేడాన్ని అడిగితే, "ఖాళీగా వదలకు, చూడ్డానికి బాగోదు" అంది.

పరీక్షకు ముందు మాకు చదువుకోవడానికి సెలవులిచ్చారు. ఊరివైపు వెళ్లకుండా హాస్టల్లో కూర్చుని, షుగరు వ్యాధిలో పాదాల సంరక్షణ గురించి బట్టీపట్టాను. పెద్దప్రశ్న అదే రావచ్చని చార్టు రాణి జోస్యం చెప్పింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మొక్కజొన్న కోతలు జరిగాయి. కోసిన చేలో నడుస్తుంటే మోడు ఒకటి మామ్మ ఎడమపాదంలో దిగింది. షుగరు ముదిరి పాదం మొద్దుబారిపోయింది కనుక ఆవిడకు తెలియనే లేదు. ఇంటికొచ్చాక గచ్చుమీద రక్తం మరకలు చూసి కోడలు గోలపెడితే, పసుపు అద్ది గుడ్డ కట్టుకుంది. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తర్వాత తెలిసింది కనుక ఇక్కడ చెబుతున్నాను, ఆ పరీక్ష రోజున ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియాలి కనుక.

పరీక్ష రోజున ఊరు ఊరంతా కడిగిన పళ్లెంలా ఉంది. బిందెలమీద మూతలు, మూతలమీద పొడుగు కాడ గరిటెలు. చంటిపిల్లల గోళ్లు కత్తిరించి ఉన్నాయి. మా మామ్మ ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి, మేకుమీది నల్లచెప్పులు తొడుక్కుని, కుచ్చెళ్లు బాగా కిందికి లాక్కుని కూర్చుంది. మూడు అగరొత్తులు వెలుగుతున్నాయి. గచ్చంతా ఫినాయిలు వాసన. మామ్మ నామీద ప్రేమతో ఇల్లు ఎంత బాగా పెట్టిందో అని నా గుండె ఉప్పొంగింది. బయటినుంచి వచ్చిన మేడం మంచావిడే గానీ, అప్పటికే ఎన్నో ఇళ్లు తిరిగి చెమటతో తడిసిపోయింది. భోజనంలోగా ఇంకో వీధి పూర్తిచెయ్యాలి. గుమ్మంలోనే నిలబడి, "ఊఁ, మొదలుపెట్టమ్మా" అంది.

పేపరు, సంచి, సబ్బు. ఒక్క పొరపాటు లేదు. గొట్టంలో నీలంమందు పోశాను. కోడలు లోపల్నుంచి చిన్న సీసా తెచ్చి ఇచ్చింది. మరిగించాను. మరిగీ మరిగీ మందు నీలంగానే ఉండిపోయింది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పరీక్షకొచ్చిన మేడం గొట్టం వెలుతురుకు ఎత్తి చూసి, "మంచి కంట్రోలు" అని రాసుకుంది. గుమ్మం బయట స్కేలు మేడం మొహం వెలిగిపోయింది. తర్వాత పాదాలు కడిగి చూపించాలి. నేను నీళ్ల తొట్టెను మంచం దగ్గరకు లాగబోతే మామ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది. "నాకు సిగ్గే. పెద్ద మేడం ముందల నా కాళ్లు నీసేత కడిగించుకోడం ఏటి, బాగోదు. మా కోడలి కాళ్లు కడిగి సూపించు" అంది. పరీక్షకొచ్చిన మేడం నవ్వి, ఎవరివైతే ఏమిటి, పద్ధతి తెలిస్తే చాలు అంది. కోడలి కాళ్లు కడిగాను. వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచాను. ఎంత చక్కగా తుడిచానో, పక్కనే కుచ్చెళ్ల కింద, కొత్త చెప్పులో, మోడు దిగిన పాదం అలా ఉండిపోయింది. అక్కడ చదువుకున్నవాళ్లం ముగ్గురం. ముగ్గురం కోడలి పాదాలే చూశాం.

చివర్లో ప్రశ్నలు. రోగికి మీరేం నేర్పారు అని మేడం అడిగితే, నాకన్నా ముందు మామ్మే అందుకుంది. "సిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి ఎల్లాలమ్మా" అని గట్టిగా చెప్పింది. పరీక్షకొచ్చిన మేడం నా భుజం తట్టింది. బయల్దేరుతూ మామ్మ చెయ్యి పట్టుకుని, "పరీక్షలన్నీ అయిపోయాక వస్తాను మామ్మా, రిజల్టు నీకే ముందు చెబుతాను" అన్నాను. "రాయే. పనున్నాది నీతోటి" అంది. ఏం పనో అడగలేదు. బస్సొచ్చేసింది.

పరీక్షలయ్యాక ఆ ఊరు వెళ్లవలసిన పని మా టైంటేబుల్లో లేదు. కమ్యూనిటీ గంటలు పూర్తయిపోయాయి, సంచులు స్టోరులో అప్పగించేశాం. తర్వాతి బ్యాచి మళ్లీ ఏడాదికి వెళుతుంది. మమ్మల్ని విజయనగరంలో ఆసుపత్రి సర్జికల్ వార్డుకు పంపారు. రిజల్టు వచ్చింది. కమ్యూనిటీ హెల్తులో నేనే ఫస్టు. ఊరెళ్లి చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. ఒకరోజు ఉదయం కట్లు మార్చే బండి తోసుకుంటూ ఆడవాళ్ల వార్డులోకి వెళ్లాను. కిటికీ పక్క మంచం దగ్గర ఆగి, కేసుషీటు కోసం వంగుతుంటే, పైనుంచి గొంతు వినబడింది.

"సేతులు కడుక్కున్నావేటే గుంటా?"

తలెత్తి చూశాను. మామ్మ. సగానికి సగం చిక్కిపోయింది. పక్కన కోడలు కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది. దుప్పటి చివర ఎడమకాలి దగ్గర పెద్ద కట్టు, కట్టు ఉండాల్సినదానికన్నా పొట్టిగా ఉంది. నాకు వెంటనే అర్థమైంది గానీ, అర్థంకానట్టు నిలబడ్డాను.

"ఎప్పుడు మామ్మా?"

"నీ పరీచ్చకి ముందల. మోడు గుచ్చుకున్నాది. నాకు తెలిస్తే కదా."

"పరీక్షకు ముందా? మరి ఆరోజు నాకెందుకు చెప్పలేదు?"

మామ్మ నావైపు, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "సెప్తే ఏటవుతాది? యేడాదంతా ఈ పిల్ల నేర్పినాది ఏటి, ఈ ముసిల్దాని కాలు ఇలగున్నాదేటి అని ఆ మేడం రాసీసుకోదా? నీ మార్కులు పోవా? పరీచ్చ అయిపోయినాక వస్తానన్నావు కదా, అప్పుడు సూపిద్దామనుకున్నాను." దుప్పటి సర్దుకుంటూ, "నువ్వు రాలేదు" అంది. అందులో నిష్ఠూరం లేదు. బస్సు రాలేదన్నట్టు చెప్పింది. చూసి చూసి, జ్వరం ముంచుకొచ్చాక, కోడలే ఆటోలో వేసుకుని తీసుకొచ్చిందట. అప్పటికే వేళ్లు నల్లబడిపోయాయి. పాదం ముందుభాగం తీసెయ్యక తప్పలేదు.

మాట మార్చాలని కాబోలు మామ్మే గొంతు తగ్గించి నవ్వింది. "ఆ నీలంరంగు నాది కాదే. మా కోడలిది. నాది ఎలాగా ఇటుకే కదా, ఆ మేడం ముందల నీ పరువేటి కావాల?" అంది. కోడలు సిగ్గుపడి తల తిప్పుకుంది. ఏడాదంతా నేను చేసిన సేవకు దొరికిన ఒకే ఒక ఫలితం అదీ. మంచి కంట్రోలని పరీక్షలో రాసింది కోడలి మూత్రం చూసి, చక్కగా సంరక్షించానని మార్కులేసింది కోడలి పాదాలు చూసి. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. మామ్మ అదేం పట్టించుకోలేదు. "ఇంతకీ ఎన్నొచ్చినాయి?" అని అడిగింది. క్లాసులో ఫస్టని చెప్పాను. పక్కమంచం మీదావిడవైపు తిరిగి, "సూసినావా, ఇది నాకాడ సదువుకున్న పిల్లే. నా సేతికింద ఏ పిల్లా తప్పలేదు" అంది. కట్టు నేనే మార్చాను. బట్టీపట్టినదంతా అక్కరకొచ్చింది. అయితే ఆ అక్కర ఆ మంచం మీద, ఆ సగం పాదానికి వచ్చి ఉండకూడదు. వార్డు స్టోరు వెనక నిలబడి చాలాసేపు ఏడ్చాను. వార్డులో మమ్మల్ని చూసుకోవడానికి వచ్చిన స్కేలు మేడం నా భుజం మీద చెయ్యి వేసింది. కిటికీ పక్క మంచాన్ని ఆవిడ కూడా చూసింది. ఆరోజు ఆవిడ ఏమీ కొలవలేదు.

మామ్మ ఆ తర్వాత నాలుగుకాళ్ల ఊతకర్రతో తిరిగింది. మిగిలిన కుడికాలికి నల్లచెప్పు రోజూ వేసుకునేది. "ఇప్పుడు దాసి ఏటి సేస్తాను" అనేది. ఎడమ చెప్పు మళ్లీ సంచిలో, మేకుమీదకు వెళ్లిపోయింది. సెలవు దొరికినప్పుడల్లా నేను వెళ్లేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆవిడ పీట వేయించి, "ఎవలికి మార్కులెయ్యడానికొచ్చినావు?" అని వేళాకోళమాడేది. కొన్నేళ్లకు కిడ్నీలు కూడా చెడి, మామ్మ పోయింది. ఆవిడతో ఇంకా ఎంతో మాట్లాడాల్సింది. ఆరోజు గుమ్మంలో "ఏం పని మామ్మా?" అని అడగాల్సింది. అడిగేలోపు బస్సు వచ్చేసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజానికి ఆ రూటులో బస్సులు గంటకొకటి ఉంటాయి.

ఇప్పుడు నేను విజయనగరంలోనే ఒక నర్సింగ్ కాలేజీలో కమ్యూనిటీ హెల్తు చెబుతున్నాను. దత్తతకు ఏ ఊరు కావాలని అడిగితే ఆ ఊరే అడిగాను. చేరిన కొత్తలో స్టాఫ్ మీటింగులో లేచి, పరీక్షయ్యాక కూడా పిల్లలు తమ ఇళ్లకు వెళ్లాలి, నెలకోసారి, మార్కులు లేకుండా అన్నాను. ప్రిన్సిపాల్ మేడం ఓపిగ్గా అడిగింది, "మార్కుల్లేకపోతే పిల్లలెందుకు వెళతారమ్మా? పరీక్ష అయిపోయాక చూసేది ఏముంటుంది?" చూసేది అప్పుడే ఉంటుంది మేడం అన్నాను. మామ్మ సంగతి చెప్పాను. నీలంరంగు దగ్గర అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. టైంటేబుల్లో గడి లేదు కనుక శనివారం మధ్యాహ్నాలు తీసుకోమన్నారు. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు ఒకమ్మాయి లేచి, "మేడం, దీనికి మార్కులెన్ని?" అని అడిగింది. "సున్నా" అన్నాను. ఆరోజునుంచి నా పేరు సున్నా మేడం. నాకు వినబడదనుకుంటారు. నాకిష్టమైన పేరు అదే.

ఇంకో రెండు మార్పులు కూడా చేశాను. బొమ్మల అట్టలు తీయడానికి ముందు పాదాలు చూడాలి. గొట్టంలో ఏ రంగొచ్చినా పిల్ల మార్కులకు సంబంధం లేదు. వీటితో అంతా చక్కబడిపోయిందనుకున్నాను. ఎంత చదివినా మనిషికి కొంత అమాయకత్వం మిగిలిపోతుంది కాబోలు. మొన్న పరీక్షలయ్యాక, శనివారం పూట మా విద్యార్థిని ఒకమ్మాయితో మామ్మగారింటికి వెళ్లాను. కోడలికి ఇప్పుడు జుట్టు నెరిసింది. షుగరు కూడా వచ్చింది. ఒకప్పుడు పరీక్ష గట్టెక్కించిన ఆ నీలంరంగు ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ రావడం లేదు. మేకుమీద ప్లాస్టిక్ సంచి అలాగే ఉంది. మా అమ్మాయి చేతిలో చార్టు లేదు, సంచీ లేదు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక దుపట్టా కొస నలుపుకుంటోంది. కోడలు మా ఇద్దరినీ కూకోమని, తలుపు దగ్గరకు వేసింది.

"పరీచ్చ అయిపోనాది కదా మేడం?" అంది.

"అయిపోయింది."

"పిల్ల పాసయ్యీసినట్టే కదా?"

"అయినట్టే. ఏమిటి సంగతి?"

కోడలు చీర కాస్త పైకి లాగి మడమ చూపించింది. లోతుగా పగిలి, పగులులోంచి చీము వస్తోంది. పుట్టి పదిరోజులు దాటినట్టుంది. పరీక్షనాడు ఇదే కాలు మేం చూశాం. ముదురు గోరింటాకు కింద, కడిగి తుడిచిన పాదం. మడమ మాత్రం నేలకు ఆనించి, కదపకుండా కూర్చుంది. నాకు కోపమొచ్చింది, "నేనన్నిసార్లు చెప్పాను కదమ్మా, ఏది కనబడినా పిల్లలకు మార్కులు తగ్గవని. ఆరోజే ఎందుకు చూపించలేదు?" అన్నాను.

"నువ్వు తగ్గించవు మేడం. ఆ బయటినుంచొచ్చినామె సంగతి నీకేటి తెలుసు, నాకేటి తెలుసు?" అంది కోడలు, అచ్చం అత్తగారే ఊడిపడ్డట్టు. "ఎలాగా పరీచ్చ అయినాక నువ్వొస్తావు కదా. అందుకే ఆగినాను."

మా అమ్మాయి అప్పటికే చేతులు కడుక్కుని నేలమీద కూర్చుని, మడమను రెండు చేతుల్లోకి తీసుకుంది. పేపరు పరవడం మరిచిపోయింది. నేను గుర్తుచెయ్యలేదు. ఆటో పిలవడానికి ఫోను తీస్తూ వాకిట్లోకి వచ్చాను. రోడ్డు చివర బస్సాగే చోటు కనబడుతోంది. చార్టు చంకలో పెట్టుకుని, ఫస్టొస్తానో రానో అని గోళ్లు కొరుక్కుంటూ ఆనాడు అక్కడ నిలబడ్డ ఆ పిల్ల ఇప్పుడు దొరికితే, చెవి మెలిపెట్టి మళ్లీ ఊళ్లోకి తిప్పి పంపేదాన్ని. కానీ దానిమీద కోపం రాదు, నవ్వే వస్తుంది. పాపం, పరీక్ష అయిపోయాకే మామ్మ కాలు చూపిస్తుందని దానికి మాత్రం ఎవరు చెప్పారు?